ఆధారవాచక పదములు : వ్యుత్పత్తి వివేచనము

ఒక వస్తువునకు క్రింద నుండుదానిని చెప్పుటకు ఆంగ్లమున ఫౌండేషన్, బేసిస్, సబ్‌స్ట్రాటమ్ మున్నగు పదములు కలవు. తెలుగు అనువాదములలో వీనినన్నిటిని ‘ఆధారము’ అనియో ‘పునాది’ అనియో వ్రాయుట కాననగును. వీని వ్యుత్పత్తిని పరిశీలించినచో అడుగు, పొర, ఆధారము అను మూడు భావములు వేర్వేరని తేటపడును. ఈ భేదము కేవలము పండితవినోదము కాదు. అనంతపురము వంటి కరవుసీమలో ఇది నీటికి సంబంధించిన విషయము.

మొదటిది ఫౌండేషన్. దీనికి మూలమగు లాటిన్ పదము ‘ఫుందుస్’. అడుగు అని అర్థము. సంస్కృతమున ‘బుధ్నము’, ఆంగ్లమున ‘బాటమ్’ దీనికి సోదరపదములు. ఉత్తరాభాద్రా నక్షత్రమునకు అధిదేవతయగు అహిర్బుధ్న్యుని పేరున ఈ బుధ్నశబ్దమే యున్నది. పారసీకమున ‘బున్’ అనగా అడుగు. దానినుండి పుట్టిన ‘బున్యాద్’ తెలుగున ‘పునాది’ యైనది. అన్యదేశ్యమగు పునాదికిని వైదికమగు బుధ్నమునకును ఇట్లు చుట్టరికము కలదు.

రెండవది బేసిస్. గ్రీకుభాషలో దీనికి అడుగువేయుట యని తొలి యర్థము. సంస్కృత ‘గతి’ శబ్దము దీనికి సజాతీయము. నడకను చెప్పు పదము క్రమముగా పాదమునకును, పిదప పీఠమునకును సంక్రమించినది. తెలుగు ‘అడుగు’నందును పాదము, పాదన్యాసము, క్రిందిభాగము అను అర్థములు కలవు. ద్రావిడమగు ఈ పదమునకు గ్రీకుతో సంబంధము లేదు. అయినను భావము ఒకే త్రోవన నడచినది. అమరకోశము వనౌషధివర్గమున చెట్టు మొదటికి మూలము, బుధ్నము అను పేర్లతోపాటు పాదవాచకములనన్నిటిని చెప్పుట ఇచట స్మరింపదగినది.

మూడవది సబ్‌స్ట్రాటమ్. ‘క్రింద పరచబడినది’ అని దీని యర్థము. ఆచ్ఛాదనార్థకమగు సంస్కృత ‘స్తృ’ ధాతువునకును ఇందలి ధాతువునకును మూలమొకటే. ఆస్తరణము, విస్తరము, ప్రస్తరము, స్తరము అనునవి ఆ ధాతువు సంతతియే. కావున ఈ పదము పరపును చెప్పునే గాని భారము మోయుటను చెప్పదు. వేదాంతగ్రంథముల ఆంగ్లానువాదములలో ‘అధిష్ఠానము’నకు దీనిని వాడుదురు. అధిష్ఠానము ‘స్థా’ ధాతుజన్యము. దేనిపై నిలుచునో అది. రజ్జుసర్పదృష్టాంతమున త్రాడు పాము క్రింద పరచిన పొర కాదు. త్రాడు లేనిదే పాము తోచదు. అచట ఆశ్రయార్థమే ప్రధానము.

ఇక అనంతపురము నేలను చూడవలెను. ఈ పీఠభూమిలో సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. నేల క్రింద నున్నవి ప్రధానముగా గ్రానైటు, నైసు శిలలు. శిథిలమైన రాతిపొరయందును, దాని క్రింది రాతి పగుళ్లయందును నీరు నిలుచును; పగులులేని గట్టిరాయి నీటిని పట్టదు. భూగర్భపాఠమున సబ్‌స్ట్రాటమ్‌ను ‘పునాది’ యని వ్రాసినచో, ఎంత లోతునకు పోయిన అంత నీరు దొరకునని చదువరి భ్రమపడవచ్చును. పగులు తగులనిచో ఎంత లోతు బోరైనను నీటిచుక్క నీయదు. ఇచట తగిన మాట ‘పొర’ లేక ‘స్తరము’.

అడుగునకును ఆధారమునకును గల భేదమునకు లేపాక్షి నిదర్శనము. 2022 నుండి శ్రీసత్యసాయి జిల్లాలో నున్న ఈ గ్రామమున, కూర్మశైలముపై 16వ శతాబ్దమున వీరభద్రాలయము వెలసినది. అచటి మండపమున ‘వ్రేలాడు స్తంభము’ కలదు. దాని అడుగు నేలను పూర్తిగా తాకదు. యాత్రికులు క్రింద గుడ్డను దూర్చి చూచుచుందురు. ఆ కంబమునకు అడుగు కలదు. ఆ అడుగున నేల ఆధారము పూర్తిగా లేదు.

కావున స్థానమును చెప్పునపుడు అడుగు, పరపును చెప్పునపుడు స్తరము, ఆశ్రయమును చెప్పునపుడు అధిష్ఠానము లేక ఆధారము, కట్టడమును చెప్పునపుడు పునాది అని వాడుట యుక్తము. క్రింద నున్నదెల్ల మోయునది కాదు. మోయునదెల్ల క్రిందనే యుండవలెనను నియమమును లేదు.