కాగితం మీద పెట్టించండి

అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్న మన పిల్లల శనివారాలు ఎక్కడ గడుస్తాయో నాకు తెలుసు. హోమ్ డిపోలో, లేకపోతే లోస్‌లో. మిడ్‌వెస్ట్‌లో ఉంటే మెనార్డ్స్‌లో. లక్ష చదరపు అడుగుల షెడ్డు, కప్పు దాకా ఇంటి మరమ్మతు సామాను, అడుగుదామంటే మనిషి కనపడడు. కనపడిన మనిషి తనది ఈ డిపార్ట్‌మెంట్ కాదంటాడు. ఆ విసుగుతో డల్లాస్ చుట్టుపక్కల పిల్లలు నాకు ఫోన్ చేస్తుంటారు. ఉద్యోగం మానేశాక నాకు తీరిక ఉందనీ, ఇంటి పనులు తెలుసనీ వాళ్ళ నమ్మకం. వాళ్ళకి ఫోన్లో చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ఏప్రన్ కట్టుకున్న కుర్రాడి మీద కోపం తెచ్చుకోకండి

తెనాలిలోనో ఖమ్మంలోనో హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి, అరిగిపోయిన వాషరు చూపిస్తే చాలు. షాపాయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, వెనకాల డబ్బాలోంచి సరైనది తీసి ఇచ్చేవాడు. మనం ఇక్కడా అదే ఆశిస్తాం. ఒకప్పుడు ఇక్కడా అలాగే ఉండేది. బెర్నీ మార్కస్, ఆర్థర్ బ్లాంక్ అనే ఇద్దరు ఉన్న ఉద్యోగాలు ఊడిపోయాక 1978లో హోమ్ డిపో పెట్టారు. 1979లో అట్లాంటాలో మొదటి స్టోర్లు తెరిచారు. ప్లంబర్లనీ, ఎలక్ట్రీషియన్లనీ, వడ్రంగం తెలిసినవాళ్ళనీ పిలిచి నారింజరంగు ఏప్రన్ కట్టించారు. కంపెనీ ఎలా ఉండాలో చెప్పడానికి పిరమిడ్‌ని తలకిందులుగా గీసేవారు. అందులో అందరికన్నా పైన కొనేవాళ్ళు, స్టోరులో పనిచేసేవాళ్ళు, అట్టడుగున కంపెనీ అధిపతి.

2000 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ నుంచి రాబర్ట్ నార్డెల్లి కంపెనీ అధిపతిగా వచ్చాడు. చిల్లర వ్యాపారం నడిపిన అనుభవం ఆయనకి లేదు. ఖర్చు తగ్గించాలని, అనుభవమున్న పూర్తికాలపు ఉద్యోగుల స్థానంలో పార్ట్‌టైం వాళ్ళని పెంచాడు. లాభాలు పెరిగాయి. కానీ 2005లో అమెరికన్ వినియోగదారుల సంతృప్తి సూచీలో ఆ కంపెనీకి 67 వచ్చింది, లోస్‌కి 78. 2006 వాటాదారుల సమావేశానికి మిగతా డైరెక్టర్లు రానేలేదు. సమావేశం అరగంటలో ముగించేశారు. 2007 జనవరిలో ఆయన దిగిపోతే, ముట్టజెప్పింది సుమారు 21 కోట్ల డాలర్లు. తర్వాత వచ్చిన ఫ్రాంక్ బ్లేక్ ఆ ఏడాదే కొనుగోలుదారులకి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆ పాత పిరమిడ్‌ని మళ్ళీ బయటికి తీశాడు.

ఈ కథంతా ఎందుకంటే, మీ ఎదురుగా నిలబడ్డ కుర్రాడికి జవాబు తెలియకపోవడం అతని లోపం కాదు. గంటకింత అని జీతం ఇచ్చి, మొన్న పెయింట్ల దగ్గర నిలబెట్టినవాణ్ణి ఇవాళ ప్లంబింగ్‌లోకి పంపారు. పని తెలిసిన పెద్దవాడి పక్కన నిలబడి నేర్చుకునే కాలం అతనికి దొరకలేదు. ఆ తెలివి మీద డబ్బు ఎంత పెట్టాలో ఎక్కడో పైన కూర్చున్నవాళ్ళు నిర్ణయిస్తారు. అతని మీద అరిస్తే వాళ్ళకి వినపడదు. వాళ్ళని కదిలించేది కాగితం. కింద రాసేవి చాలావరకు దాని చుట్టూ తిరిగేవే.

2. వేళ చూసుకుని వెళ్ళండి

తెల్లవారుతూనే కాంట్రాక్టర్లు వస్తారు, స్టోరు వాళ్ళ చేతిలో ఉంటుంది. శని, ఆదివారాలు ఊరంతా వస్తుంది. మామూలు రోజుల్లో పది దాటాక వెళితే మనిషి దొరుకుతాడు. జుట్టు నెరిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళని అడగండి. వాళ్ళలో రిటైరైన ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ కనపడతారు. పాత భాగాన్ని జేబులో వేసుకెళ్ళండి, అది బిగించి ఉన్న చోటు ఫొటో తీసుకోండి. స్టోరు యాప్‌లో ఐల్ నంబరు, బే నంబరు ఉంటాయి. మూడు ఉన్నాయని యాప్ చెప్పినా, అవి కప్పు దగ్గర అరలో ఉంటే ఫోర్క్‌లిఫ్ట్ రావాలి, ఐల్‌కి అడ్డం కట్టాలి. దానికి టైము పడుతుందని తెలుసుకుని వెళ్ళండి.

3. మన వంట సంగతి మనమే చెప్పాలి

ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పొయ్యి మీద బిగించే రేంజ్ హుడ్‌లు రెండు రకాలు. ఒకటి పొగని గొట్టం ద్వారా ఇంటి బయటికి పంపుతుంది. రెండోది బొగ్గు ఫిల్టరులోంచి లాగి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. బిల్డర్లు పొయ్యి మీద పెట్టే మైక్రోవేవ్‌లు చాలావాటిలో ఈ రెండో పద్ధతే ఉంటుంది. ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి తాలింపు పెట్టే ఇంట్లో, చేపలు వేయించే ఇంట్లో అది చాలదు. పడకగదిలో దుప్పట్లకి కూడా వాసన పడుతుంది.

స్టోరులో "ఇది గట్టిగా లాగుతుందా" అని అడిగితే లాగుతుందనే అంటారు, అది అబద్ధమూ కాదు. అడగవలసిన ప్రశ్నలు వేరు. పొగ బయటికి పోతుందా, తిరిగి లోపలికే వస్తుందా? గొట్టం వ్యాసం ఎంత ఉండాలి? ఆ గొట్టం పెట్టెలో ఉందా, విడిగా కొనాలా? బిగించడానికి వచ్చేవాళ్ళు గోడకో, కప్పుకో రంధ్రం చేస్తారా? తరచు జరిగేది ఏమిటంటే, పాతది విప్పి ఆ స్థానంలో కొత్తది బిగించడం వరకే వాళ్ళ పని. కొత్తగా గొట్టం వెయ్యాలంటే వేరే కాంట్రాక్టరుని పిలుచుకోవాలి. ఇంకో మాట. నిమిషానికి 400 ఘనపుటడుగులకి మించి గాలి లాగే హుడ్ పెడితే, అంత గాలి తిరిగి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని చాలా రాష్ట్రాలు అనుసరించే గృహ నిర్మాణ కోడ్ చెబుతుంది. ముఖ్యంగా గ్యాస్ వాటర్ హీటరు ఉన్న ఇళ్ళలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పెద్దది కొనే ముందు మీ సిటీ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి ఒక ఫోన్ చెయ్యండి, వాళ్ళు చెబుతారు.

4. పెట్టెలో ఏం లేదో అడగండి

బట్టలు ఆరబెట్టే ఎలక్ట్రిక్ డ్రయ్యరు కొంటే దాని కరెంటు తీగ సాధారణంగా పెట్టెలో రాదు. విడిగా కొనాలి. 1996కి ముందు కట్టిన ఇళ్ళలో మూడు రంధ్రాల ప్లగ్గు ఎక్కువ, తర్వాతి ఇళ్ళలో నాలుగు రంధ్రాలది. ఇంట్లో ఏది ఉందో చూసుకోకుండా కొంటే డెలివరీవాళ్ళు మిషన్ని గరాజ్‌లో దించి వెళ్ళిపోతారు. ఫ్రిజ్‌కి నీటి గొట్టం, డిష్‌వాషరుకి తీగ కూడా అంతే. అలాగే, రెండు బై నాలుగు అని అమ్మే చెక్క నిజంగా ఒకటిన్నర అంగుళం బై మూడున్నర ఉంటుంది. అది మోసం కాదు, ఇక్కడి పద్ధతి. అల్మారా కట్టేటప్పుడు టేపు పట్టుకునే లెక్క వేసుకోండి.

5. బిగించేవాళ్ళు స్టోరువాళ్ళు కారు

అల్మారాలు, కార్పెట్, కిటికీలు, వాటర్ హీటరు వంటివి స్టోరులో కొంటే, వచ్చి బిగించేది దాదాపు ఎప్పుడూ బయటి కాంట్రాక్టరే. చొక్కా మీద స్టోరు పేరు ఉన్నంత మాత్రాన అతను స్టోరు ఉద్యోగి కాదు.

మా వంటింటి అల్మారాలు ఒక పెద్ద స్టోరు ద్వారానే చేయించుకున్నాం. సింకు కిందికి రావలసిన అల్మారా కొలత తేడాగా వచ్చింది. అది లేనిదే రాయి పలక కొలవరు, పలక లేనిదే సింకు బిగించరు. స్టోరు కాంట్రాక్టరుని అడగమంది, కాంట్రాక్టరు ఫ్యాక్టరీని అడగమన్నాడు, ఫ్యాక్టరీ స్టోరు దగ్గరికే పొమ్మంది. నెలల తరబడి మా ఆవిడ గరాజ్‌లో కరెంటు పొయ్యి మీద వండి, స్నానాల గదిలో గిన్నెలు కడిగింది. సంక్రాంతి కూడా అలాగే వెళ్ళింది. ఫోన్లో ఎంత మర్యాదగా అడిగినా కదలని వ్యవహారం, మేం సంతకం పెట్టిన ఒప్పందంలో ఒక వాక్యం దొరికాక కదిలింది. పని పూర్తయిందని ఇంటివాళ్ళు సంతకం చేసేదాకా బాధ్యత స్టోరుదేనని అందులో ఉంది. ఆ పేజీ కాపీ తీసి, వాక్యం కింద గీత గీసి, ఉత్తరంతో పాటు స్టోరు మేనేజరుకీ ప్రధాన కార్యాలయానికీ పంపాం. వారంలో కొత్త అల్మారా ఆర్డరు పెట్టారు.

కాబట్టి బయానా కట్టే ముందే అడగండి. వచ్చే కాంట్రాక్టరు పేరు, లైసెన్సు, బీమా. తప్పు జరిగితే ఎవరు సరిచేస్తారు, ఎన్నాళ్ళలో. ఇవన్నీ కాగితం మీద పెట్టించండి. మీ ఇల్లు 1978కి ముందు కట్టిందైతే ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు. గోడలూ కిటికీలూ గీకితే లేచే దుమ్ము చిన్నపిల్లల మెదడుకి హాని. అలాంటి పని సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే చెయ్యాలని ఫెడరల్ నిబంధన ఉంది. దాన్ని పాటించని కాంట్రాక్టర్లని పంపినందుకు 2014లో లోస్ 5 లక్షల డాలర్లు, 2020లో హోమ్ డిపో 2 కోట్ల 7 లక్షల 50 వేల డాలర్లు జరిమానా కట్టడానికి ఒప్పుకున్నాయి. అంత పెద్ద కంపెనీలే చూసుకోలేదు కాబట్టి, పాకే బిడ్డ ఉన్న ఇంట్లో ఆ సర్టిఫికెట్ మీరే చేతిలోకి తీసుకుని చూడండి.

పని అయ్యాక చివరి వాయిదా కట్టే ముందు, తనకి రావలసిన డబ్బు ముట్టిందని కాంట్రాక్టరు చేత రాయించుకోండి. స్టోరు అతనికి డబ్బు ఎగ్గొడితే, చాలా రాష్ట్రాల్లో అతను తన బాకీ కింద మీ ఇంటి మీద హక్కు (లీన్) నమోదు చెయ్యగలడు.

6. సంతకం చేసే ముందు పెట్టె విప్పించండి

డెలివరీవాళ్ళు తొందరపెడతారు, వాళ్ళకి ఇంకా ఇళ్ళున్నాయి. అయినా ఫ్రిజ్ నాలుగు వైపులా చూడండి, తలుపులు తెరిచి మూసి చూడండి, సొట్ట ఉంటే ఫొటో తీసి వాళ్ళ కాగితం మీదే రాయండి. పెద్ద మిషన్ల విషయంలో నష్టం గురించి చెప్పడానికి ఈ స్టోర్లు ఇచ్చే గడువు మామూలుగా 48 గంటలే.

7. "వడ్డీ లేదు" అన్న మాట పూర్తిగా చదవండి

బిల్లు దగ్గర స్టోరు కార్డు తీసుకోమంటారు. ఏడాది దాకా వడ్డీ లేదంటారు. దాని వెనక ఒక షరతు ఉంటుంది. గడువులోగా మొత్తం తీర్చకపోతే, కొన్న రోజు నుంచి లెక్కకట్టి వడ్డీ అంతా ఒకేసారి వేస్తారు. 3,000 డాలర్ల సామాను కొని, నెలనెలా కడుతూ వచ్చి, ఆఖర్న 100 డాలర్లు మిగిలిపోయాయనుకోండి. వడ్డీ రేటు 30 శాతం దరిదాపుల్లో ఉంటే, ఆ 100కి తోడు నాలుగైదు వందల డాలర్లు నెత్తిన పడతాయి. బిల్లులో చూపించే కనీస వాయిదా కడుతూ పోతే గడువులోగా అప్పు తీరకపోవచ్చు. మొత్తాన్ని నెలలతో భాగించి, ఒక నెల ముందే తీరేలా మీరే కట్టుకోండి.

8. నీళ్ళ పరీక్ష అని వచ్చేవాళ్ళు

స్టోరు గుమ్మం దగ్గర చిన్న బల్ల వేసుకుని "మీ ఇంటి నీళ్ళు ఉచితంగా పరీక్షిస్తాం" అనేవాళ్ళు ఉంటారు. పేరు, ఫోన్ రాసిస్తే ఇంటికొచ్చి వేల డాలర్ల ఫిల్టరు అమ్మజూస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలే ఇంట్లో ఉన్నప్పుడు, ఇంటికొచ్చినవాళ్ళని పొమ్మనలేక మొహమాటపడతారు. వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి. ఇంటికొచ్చి 25 డాలర్లకి మించి అమ్మితే, మూడో పనిదినం అర్ధరాత్రిలోగా రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నిబంధన ఇస్తుంది. దుకాణంలోనే బేరం కుదుర్చుకుని ఉంటే అది వర్తించకపోవచ్చు. అందుకే బల్ల దగ్గర ఏ సంతకమూ చెయ్యకండి.

9. చిన్న షాపుని మరిచిపోకండి

కుళాయి కారుతోంది, ఏం కొనాలో తెలియదు అన్నప్పుడు నేను ఏస్ హార్డ్‌వేర్‌కి వెళతాను. 1924లో షికాగోలో మొదలైంది. ఇప్పుడది షాపుల యజమానులే వాటాదారులుగా ఉన్న సహకార సంస్థ. చాలా షాపుల్ని ఆ ఊరివాళ్ళే నడుపుతారు. రూపాయి దగ్గర పావలా ఎక్కువైనా, మనిషి కౌంటరు వదిలి మీతో అరల దగ్గరికి వస్తాడు.

10. ఫిర్యాదు చేస్తే మెట్టు మెట్టుగా

ఆర్డరు నంబరు, తేదీ, మాట్లాడినవాళ్ళ పేరు, ఏమన్నారు అన్నవి అదే రోజు రాసి పెట్టుకోండి. ముందు స్టోరు మేనేజరు, తర్వాత ప్రధాన కార్యాలయం, ఆపైన రాష్ట్ర అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగం. క్రెడిట్ కార్డుతో కొని, సామాను రాకపోయినా బిల్లు తప్పు పడినా, 1974 నాటి చట్టం ప్రకారం స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా బ్యాంకుకి రాతలో అభ్యంతరం చెప్పవచ్చు. స్టోరు "చూస్తున్నాం, చూస్తున్నాం" అంటుండగానే ఆ గడువు దాటిపోతుంది, అందుకని రెండూ పక్కపక్కనే నడపండి. ఏదీ తేలకపోతే టెక్సస్‌లో 20,000 డాలర్ల దాకా తగాదాలు జస్టిస్ కోర్టులో లాయరు లేకుండానే వేసుకోవచ్చు.

ఆ దారిలో మీ పని చేసిపెట్టినవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. మా విషయంలో అది డిజైన్ డెస్కు దగ్గర కూర్చునే ఒకావిడ. మా ఫైలు మూసెయ్యకుండా పట్టుకుని కూర్చుంది. ఆమె పేరు రాసి, ఏం చేసిందో చెప్పి, మేనేజరుకి విడిగా ఉత్తరం పంపాం. రసీదు కింద సర్వే లింకు ఉంటుంది, అందులో పేరు రాసినా చేరుతుంది. ఫిర్యాదు రాసే రోజే అదీ రాసెయ్యండి.