గ్రౌండ్ నుంచి వచ్చాక లెక్కలు ఎక్కడం లేదా?

ప్రశ్న: ఎల్లారెడ్డి దగ్గరి పల్లె మాది. వయసు 23. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాను. రాత్రి 12 దాకా చదివి, తెల్లారి నాలుగున్నరకు లేచి గ్రౌండ్‌కు పోతాను. వారానికి ఆరు రోజులు 1600 మీటర్లు ఫుల్ స్పీడ్‌లో కొడతాను. కడుపులో పోటు వస్తుందని ముందు నీళ్లు కూడా తాగను. ఏడింటికి రూముకొచ్చి అరిథ్‌మెటిక్ ముందేసుకుంటే తల మొద్దుబారినట్టుంటుంది. ఇంత ఉరికితే మెదడు దెబ్బతింటదని మా బాపు అంటున్నాడు. నిజమేనా డాక్టర్ గారూ?

జవాబు: మెదడు దెబ్బతినదని మీ బాపుకు ధైర్యంగా చెప్పండి. అయితే ఆయన గమనించింది ఉత్త మాట కాదు. నాలుగో చుట్టులో ఉండగా ఎవరైనా పదిహేడు పదమూళ్లు ఎంత అని అడిగితే చెప్పగలరా? శరీర బరువులో మెదడు 2 శాతమే. కానీ ఊరికే కూర్చున్నప్పుడు మనం వాడే ఆక్సిజన్‌లో ఇంచుమించు ఐదో వంతు దానికే పోతుంది. ప్రాణం పెట్టి ఉరికేటప్పుడు రొప్పు పెరిగి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడులోని రక్తనాళాలు కొంత ముడుచుకుంటాయి. లెక్క కట్టడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం నుదుటి వెనక భాగం పని. ఆ కాసేపు అది మందగిస్తుంది. ఊపిరి కుదుటపడ్డాక సర్దుకుంటుంది. ఏడింటి దాకా ఉండేది కాదు.

మరి ఏడింటికి మొద్దుబారడం ఎందుకంటే, కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీరు పడుకుంటున్నది నాలుగున్నర గంటలు. చదివింది జ్ఞాపకంలో గట్టిపడేది నిద్రలోనే. రాత్రి రెండు గంటలు ఎక్కువ చదివి, ఆ చదువు నిలవాల్సిన నిద్రను కోసేస్తున్నారు. ఇక నీళ్లు. 60 కిలోల మనిషి చెమట రూపంలో లీటరుంబావు దాకా పోగొట్టుకుంటే, అంటే బరువులో 2 శాతం తగ్గితే, ధ్యాస నిలపడం కష్టమవుతుంది. పరుగుకు అరగంట ముందు ఒక గ్లాసు తాగితే పోటు రాదు. పోటు తెచ్చేది అప్పటికప్పుడు గటగటా తాగే చెంబెడు నీళ్లు.

మూడోది, ఆరు రోజుల ఫుల్ స్పీడ్. ఫ్రాన్స్‌లో 37 మంది ట్రయాథ్లాన్ క్రీడాకారుల మీద చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. వాళ్లలో కొందరికి మూడు వారాల పాటు శిక్షణ 40 శాతం పెంచారు. ఆగితే ఎక్కువ డబ్బు, ఇప్పుడే అయితే తక్కువ అని అడిగితే వాళ్లు ఇప్పుడే ఇమ్మనడం పెరిగింది. స్కానింగ్‌లో నుదుటి వెనక భాగం చురుకుదనం కూడా తగ్గి కనిపించింది. పరీక్షలో ప్రశ్న పూర్తిగా చదవకుండానే జవాబు పెట్టేయడం మీలో మొదలైతే అనుమానించండి.

2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లకు పెట్టిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు. అంటే 400 మీటర్ల చుట్టుకు నిమిషం 48 సెకన్లు. దానికి రోజూ ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. వారానికి రెండు రోజులు, మధ్యలో ఎడం ఇచ్చి, గట్టిగా ఉరకండి. ఒక రోజు పూర్తిగా మానండి. మిగతా రోజుల్లో పక్కవాడితో మాట్లాడగలిగే వేగం చాలు. అలా అరగంట ఉరికితే ఆ తర్వాత కాసేపు ధ్యాస, జ్ఞాపకం కొంచెం పదునుగానే ఉంటాయి. అరిథ్‌మెటిక్ ఆ పొద్దుల్లో పెట్టుకోండి. గట్టిగా ఉరికిన రోజు ముందు నీళ్లు, అరటిపండో బెల్లం పల్లీలో, ఆ తర్వాత కరెంట్ అఫైర్స్. లెక్కలు తొమ్మిది దాటాక చూసుకోవచ్చు.

ఇంకొకటి. ఈవెంట్స్ రోజు పొద్దున బస్సులో బిట్లు తిప్పుకుంటూ పోకండి. గంటన్నర సేపు మెదడుకు పని పెట్టి సైకిల్ తొక్కిస్తే మనుషులు త్వరగా చేతులెత్తేశారని 2009లో ఒక పరిశోధన తేల్చింది. గుండె, ఊపిరి బాగానే పనిచేశాయి. శ్రమ మాత్రం ఎక్కువగా అనిపించింది.

ప్రశ్న: మాది కామారెడ్డి. మా అమ్మాయి ఇంటర్ చదువుతూ అథ్లెటిక్స్‌కు పోతోంది. పరీక్షల దాకా మాన్పించమంటున్నారు బంధువులు. మాన్పించాలా?

జవాబు: వద్దమ్మా. మీ పక్కనే తాడ్వాయి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. శిఖరం మీద గాలిలో దొరికే ఆక్సిజన్ కింద ఉన్నదాంట్లో మూడో వంతే. అందుకే సిలిండర్లు మోసుకుపోతారు. అలాంటి చోట అడుగు తీసి అడుగు వేయడానికీ ఆలోచన కావాలి. అందరు పిల్లలూ పూర్ణలు కావాలని అననుగానీ, ఒంటికి కష్టం, తలకు చదువు రెండూ కలిసి నడుస్తాయి. పరీక్షల నెలలో పోటీలు తగ్గించండి, ఆట మాన్పించకండి. ఒకసారి సర్కారు దవాఖానలో రక్తపరీక్ష చేయించండి. ఈ వయసు ఆడపిల్లలో హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే రక్తహీనతే. అది ఉంటే పరుగులోనూ చదువులోనూ అలసట తప్పదు, నింద మాత్రం గ్రౌండ్ మీద పడుతుంది.

ఇద్దరికీ ఒక మాట. ఉరికేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు బైర్లు కమ్మి పడిపోయినా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటుతో ఎవరైనా పోయి ఉన్నా, ఈసీజీ తీయించుకుని డాక్టరు సరేనన్నాకే మళ్లీ గ్రౌండ్‌లో దిగండి.