పట్టికలో లేని గడులు

మా పక్కవాటాలో ఉండే అమ్మాయి ఇంటర్ పరీక్షలు రాసిన వారానికే ల్యాప్‌టాప్ పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. అందులో ఓ పట్టిక. పదకొండు పేర్లు వరసగా ఉన్నాయి: ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, స్కౌట్స్ అండ్ గైడ్స్, యూత్ రెడ్‌క్రాస్, మై భారత్, నాలుగు స్వచ్ఛంద సంస్థలు, రెండు ఫెలోషిప్పులు. పక్కన గడులు: ఎప్పుడు మొదలైంది, సభ్యులెందరు, సర్టిఫికెట్ ఇస్తారా, ఉద్యోగానికి పనికొస్తుందా, జనం ఎన్ని నక్షత్రాలిచ్చారు.

“తాతగారూ, డిగ్రీలో చేరగానే వీటిలో ఒకదాంట్లో చేరాలి. ఏది మంచిది?” అంది.

కాలేజీలో పాఠాలు చెబుతూనే రెండు విడతలుగా ఏడేళ్లు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరుగా చేసినవాణ్ణి. మా అబ్బాయిని ఎన్‌సీసీలో, అమ్మాయిని గైడ్స్‌లో చేర్చినవాణ్ణి. జవాబు నోటి చివర ఉండాలి. లేదు. ఆ వేసవంతా సాయంత్రాలు ఆ పట్టిక ముందేసుకుని కూర్చున్నాం. కొన్ని గడులు కొట్టేశాం, కొన్ని కలిపాం. కలిపినవాటి వెనక నా అనుభవాలున్నాయి, ఎక్కువగా నా తప్పులే. గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

1. ఎప్పుడు పుట్టిందని కాదు, ఎందుకు పుట్టిందని అడగాలి

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మనుషుల సంగతేమో గానీ సంస్థల విషయంలో అది నిజం. హృదయనాథ్ కుంజ్రూ కమిటీ సిఫార్సు మీద 1948లో చట్టం చేసి ఎన్‌సీసీని పెట్టారు. అది నేటికీ రక్షణశాఖ కిందే ఉంది. కాబట్టి అక్కడ వరస, ఆజ్ఞ, బూట్ల పాలిష్ ముందు, మిగతావన్నీ తర్వాత. ఎన్‌ఎస్‌ఎస్ గాంధీగారి శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమంది విద్యార్థులతో మొదలైంది. చదువుకునేవాడు ఊరి మొహం చూడాలన్నది దాని కోరిక. స్కౌటింగ్ 1907లో బేడెన్ పావెల్ ఓ దీవిలో ఇరవైమంది కుర్రాళ్లతో వేసిన గుడారాల్లోంచి వచ్చింది. అందుకే నేటికీ తాళ్లు, ముడులు, మంట వేయడం, దారి కనిపెట్టడం. 1972లో వచ్చిన నెహ్రూ యువ కేంద్రాలు కాలేజీ మెట్లెక్కని పల్లెటూరి కుర్రాళ్ల కోసం. 2023 అక్టోబరు 31న ప్రారంభించిన మై భారత్ ఫోన్లు చేతికొచ్చిన కాలపు వేదిక, పేరు నమోదుతోనే మొదలవుతుంది.

ఇలాంటివన్నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి మార్కులేయడమంటే వంటవాణ్ణీ వడ్రంగినీ ఒకే పరీక్షకు కూర్చోబెట్టడమే. ఆ మాటంటే పిల్ల నవ్వి, “అయితే మూడు పట్టికలు చెయ్యాలా?” అంది. చేసింది కూడా.

2. బ్యాడ్జి ఒకటే, యూనిట్లు వేరు

ఎన్‌ఎస్‌ఎస్ బ్యాడ్జి మీద కోణార్క రథచక్రం ఉంటుంది, ఎనిమిది ఆకులతో. రోజులో ఎనిమిది జాములూ సేవకు సిద్ధమని దానికి అర్థం చెబుతారు. అదే బ్యాడ్జి పెట్టుకుని మా ఊళ్లోనే రెండు కాలేజీలు. ఒకదాంట్లో ప్రోగ్రాం ఆఫీసరు ఆదివారం పొద్దున్నే లుంగీ మీద ఊళ్లోకి వెళ్లి రచ్చబండ మీద కూర్చునేవాడు. ఇంకోదాంట్లో ఏడాదికి రెండుసార్లు బ్యానరు కట్టి, ఒక మొక్క నాటి, పదిహేనుమంది ఆ మొక్క చుట్టూ చేతులు చాచి ఫోటో దిగేవాళ్లు. వచ్చే ఏడు మళ్లీ అదే గోతిలో ఇంకో మొక్క. పైకి వెళ్లిన నివేదికలు మాత్రం రెండూ ఒకలాగే ఉండేవి. రెండోదే కాస్త లావుగా ఉండేది.

దేశం మొత్తం మీద లక్షల సభ్యులున్నారన్న గడి అలా కొట్టేశాం. నువ్వు చేరబోయే కాలేజీలో ఆ యూనిట్ ఎవరి చేతిలో ఉంది, ఆయనో ఆవిడో ఇష్టపడి తీసుకున్నారా, ప్రిన్సిపాల్ నెత్తిన రుద్దారా? ఇది ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. కాలేజీ అటెండరును అడిగితే అర నిమిషంలో తేలిపోతుంది.

3. ఎదుగుతున్నది ఎవరు? ఖర్చు ఎవరిది?

నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఇది.

ఎన్‌ఎస్‌ఎస్ నియమావళి నిజాయితీగానే చెబుతుంది: సమాజసేవ ద్వారా విద్యార్థి వ్యక్తిత్వ వికాసం. అంటే ఎదగాల్సింది కుర్రాడు. ఊరు అతనికి బడి. అందులో తప్పు లేదు. తప్పల్లా మనం ఊరికెళ్లి, మీకోసం వచ్చామని చెప్పుకోవడంలో ఉంది.

తొంభైల్లో ఒక దత్తత గ్రామంలో వారం రోజుల స్పెషల్ క్యాంపు పెట్టాను. యాభైమంది పిల్లలు. బోరింగుల దగ్గరా, ఇళ్ల వెనకా నలభై ఇంకుడు గుంతలు తవ్వాం. మూడడుగుల లోతు, అడుగున పెద్ద రాళ్లు, వాటిమీద చిన్న రాళ్లు, పైన కంకర, ఇసుక. పిల్లల అరచేతులు బొబ్బలెక్కాయి. ఆఖరి రోజు సర్పంచిగారు దండలేశారు, బస్సెక్కేటప్పుడు ఆడపిల్లలు ఏడ్చారు. యూనివర్సిటీ నుంచి మెచ్చుకోలు లేఖ వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించాను కూడా.

నాలుగేళ్ల తర్వాత పెళ్లికని ఆ ఊరెళ్లాను. నలభైలో ముప్పై తొమ్మిది పూడిపోయాయి. సబ్బు జిడ్డూ ఒండ్రూ రాళ్ల మధ్య చేరి నీరింకడం మానేసింది. నీళ్లు పైకి తన్ని దోమలు పెరిగాయి. జనం విసిగి మట్టి కప్పేశారు. కొన్నేళ్లకోసారి రాళ్లు తీసి కడిగి మళ్లీ పేర్చాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను. ఆ సంగతి నాకూ తెలియదు. పని చేస్తున్నదల్లా ఒక ముసలావిడ ఇంటి వెనక గుంత. ఆవిడ మనవడు అప్పట్లో మాతోపాటు పలుగు పట్టినవాడు. ఏడాదికోసారి వాడే రాళ్లు తీసి కడిగేవాడట. “నేను పేర్చిన రాళ్లు కదండీ” అన్నాడు.

ఇక ఇప్పుడు పక్క రాష్ట్రమైన ప్రాంతం సంగతి చూడండి. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1981 నాటిది. తొంభైల మొదట్నించీ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లల్ని బడికి మళ్లించడం మొదలుపెట్టింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ల కార్యకర్తల్లో చాలామంది ఆ ఊళ్ల కుర్రాళ్లే. పొలంలో పాలేరుగా ఉన్న పిల్లాడి తండ్రినీ, ఆ పొలం ఆసామినీ చిన్నప్పటి నుంచీ వరసపెట్టి పిలిచేవాళ్లు. పిల్లాడు బడికి సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపు నుంచి పారిపోతే వెతకడానికి బస్సెక్కక్కర్లేదు, పక్క వీధికెళితే చాలు. మా వారం క్యాంపునీ దాన్నీ ‘సేవ’ అనే ఒకే గడిలో పెట్టకూడదని వాళ్ల పని గురించి తెలిశాకే అర్థమైంది. మాది విద్యార్థులకు మంచి బడి, వాళ్లది ఊరికి జరిగిన పని.

అమ్మాయి పట్టికల్లో కొత్త గడి: మనం వెళ్లిపోయాక ఆ పని ఎవరు చూస్తారు? పదకొండింట్లో దీనికి జవాబు రాయగలిగినవి మూడే.

4. వచ్చినవాడికి అన్నం ఎవరు పెడతారు?

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. నాలుగో రోజున మేం పన్నెండుమందిమి అవనిగడ్డ వైపు బయల్దేరాం. సంస్థా లేదు పాడూ లేదు, ఉడుకు రక్తం. చేతిలో టార్చి లేదు, కాళ్లకు బూట్లు లేవు, మూతికి కట్టుకోవడానికి గుడ్డ లేదు. సాయంత్రమయ్యేసరికి ముగ్గురికి వాంతులు. ఆ రాత్రి మాకు గంజి పోసింది ఇల్లు కొట్టుకుపోయిన ఒక కుటుంబం. వాళ్ల బియ్యంలో మేం పన్నెండుమందిమి భాగం పంచుకున్నాం. నలభై ఎనిమిదేళ్లవుతున్నా ఆ గంజి గొంతు దిగలేదు.

అదే చోట ఇంకొన్ని జట్లు వచ్చాయి. సొంత బియ్యం, సొంత బిందెలు, బ్లీచింగు పౌడరు, చేతి తొడుగులు. వచ్చీ రాగానే ఎవరిని అడగాలో వాళ్లను అడిగి, శవాల దహనానికి ఎక్కడ మనుషులు కావాలో అక్కడికి పోయారు. వాళ్లు మాకంటే మంచివాళ్లని అనను. వాళ్లకు తర్ఫీదుంది, మాకు లేదు. రోడ్డు పక్కన గుట్టలుగా పడేసిన పాతబట్టలూ గుర్తే: వానకు తడిసి, కుళ్లి, ఎవరూ ముట్టనివి.

కాబట్టి రెడ్‌క్రాస్ అయినా మరేదైనా సరే, ప్రథమ చికిత్స ఎన్ని గంటలు నేర్పుతారు, నేర్పేవాళ్లెవరు, విపత్తుకు పంపితే తిండీ పడకా ఎవరిది? ఈ మూడూ అడిగి రాయమన్నాను.

5. నీ వారంలో ఖాళీ ఎంత?

ఎన్‌సీసీలో ‘బి’ సర్టిఫికెట్‌కు రెండేళ్లు, ‘సి’కి మూడు. హాజరు 75 శాతం లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. ‘సి’లో బి గ్రేడు తగ్గకుండా ఉంటే, డిగ్రీ మార్కులూ సరిపోతే, సైన్యంలో ఆఫీసరు కొలువుకు రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్సెస్బీ ఇంటర్వ్యూకి పోవచ్చు. నిజమైన లాభమే, కానీ సైన్యానికి వెళ్లాలనుకునేవాళ్లకు. ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకు 240 గంటలు, ఒక క్యాంపు. వారానికి లెక్కేస్తే రెండున్నర గంటలు కూడా రావు. సినిమాకు పోయి వచ్చినంత.

ఫెలోషిప్పులు రెండూ కొట్టేశాం. 2009లో మొదలైన టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ల పూర్తికాలపు పని. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా పదమూడు నెలలు పల్లెలో కాపురం. రెండింటికీ ముందు డిగ్రీ కావాలి. మూడేళ్ల తర్వాత చూద్దాంలే అన్నాను.

6. కాగితాలు చూడాలి, కాగితాలనే చూడకూడదు

స్వచ్ఛంద సంస్థల దగ్గరికొచ్చేసరికి పిల్ల రిజిస్ట్రేషన్ నంబర్లు చూసి మురిసిపోయింది. మన రెండు రాష్ట్రాల్లోనూ సొసైటీల రిజిస్ట్రేషన్‌కు 2001 నాటి చట్టమే ఆధారం. ఆ పత్రం ఉందంటే సంస్థ పుట్టిందని అర్థం, బతికుందని కాదు. నీతి ఆయోగ్ దర్పణ్ నంబరూ అంతే, పేరు ఎక్కించుకున్నట్టు లెక్క, మెచ్చుకున్నట్టు కాదు. 80జీ గుర్తింపు ఉంటే, పాత పన్ను పద్ధతిలో ఉన్న చందాదారుకు పన్నులో ఊరట. విదేశీ చందాలు తీసుకునేవాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బులో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది.

మూడేళ్ల ఆడిట్ లెక్కలు పక్కపక్కన పరిచి చూడమన్నాను. జీతాల పద్దు ఎక్కువగా ఉందని పిల్ల ఒకదాన్ని తీసేయబోయింది. ఆగమన్నాను. పిల్లలకు చదువు చెప్పే సంస్థకు జీతాలు కాక ఇంకేం ఖర్చుంటుంది? ఇటుకలా, సిమెంటా? జీతాల్లేకుండా నడుస్తోందంటేనే నాకు అనుమానం. ఎవరో ఆడపిల్ల ఉచితంగా చాకిరీ చేస్తుండాలి.

ఒకదాన్ని మాత్రం నేనే కొట్టేయించాను. నెల రోజుల ‘ఇంటర్న్‌షిప్’ అట. చేయాల్సిన పని, చుట్టాలకూ స్నేహితులకూ లింకులు పంపి చందాలు పోగుచేయడం. ఇంత తెస్తే సర్టిఫికెట్, ఇంకా తెస్తే ‘లీడర్’ అని బిరుదు. మేనమామ దగ్గర వెయ్యి రూపాయలు అడగడానికి సంస్థ ఎందుకు?

7. స్నానాల గది

క్యాంపులో ఆడపిల్లలుంటే రాత్రి తోడుగా మహిళా ఆఫీసరు ఎవరు, గదికి లోపల గడియ ఉందా, స్నానాల గదికి పైకప్పు ఉందా? పిల్లలతో పనిచేసే సంస్థ అయితే ఫిర్యాదు ఎవరికి చెప్పాలో గోడమీద రాసి ఉందా? ఈ ప్రశ్నలకు చిరాకుపడ్డ సంస్థను అక్కడే వదిలేయాలి. ఇందులో వాదన లేదు.

8. వదిలేసినవాళ్లతో మాట్లాడాలి

ఉన్నవాళ్లు బాగుందనే అంటారు. వదిలేసినవాళ్లు ఇద్దరితో టీ తాగితే అసలు బొమ్మ కనిపిస్తుంది. కోపంతో పోయినవాడి మాట సగం నమ్మాలి. బద్ధకించి పోయినవాడి మాట పావు. ఇష్టంగా ఉండి, పెళ్లయి దూరమయ్యో, ఉద్యోగమొచ్చో పోయినవాళ్లుంటారు చూడండి, వాళ్లు మంచీ చెడూ రెండూ చెబుతారు. అమ్మాయి అలా ఏడుగురితో మాట్లాడింది. ఒకామె గంటన్నర మాట్లాడి ఆఖర్న, “చేరు, కానీ కోశాధికారి పని మాత్రం ఒప్పుకోకు” అందట.

జూన్ నాటికి పట్టికల్లో మూడు పేర్లు మిగిలాయి. గడులు మాత్రం పంతొమ్మిదయ్యాయి. మిగిలినవాటిలో ఒకటి ఎన్‌ఎస్‌ఎస్. ఓ సాయంత్రం దాని వరస నాకు చూపించి, “మనం వెళ్లిపోయాక ఎవరు చూస్తారు అన్న గడి దీనికి ఖాళీగా ఉంది. మీ క్యాంపు ఊరు చూసొచ్చి రాస్తాను తాతగారూ. ఆ ఒక్క గుంత ఇంకా ఉందా?” అని అడిగింది.

కుళాయిలు, సిమెంటు కాలవలు వచ్చాక ఉండకపోవచ్చన్నాను. ఆ మనవడికిప్పుడు యాభై దాటి ఉంటాయి. ఊరి పేరు చెప్పి, బస్సు ఎక్కడ మారాలో చెప్పాను. పొద్దున్నే వెళితే ఎండకు ముందే తిరిగి రావచ్చు. దిగాక రామాలయం పక్క సందు.

“మీరూ రండి” అంది.

చెప్పుల కోసం లోపలికి వెళ్లి చూశాను. వాటికి ఉంగటం తెగి ఉంది. ఆదివారం లోపు కుట్టించాలి.