కూలి లెక్క తేల్చిన ఆచార్యుడు
డేవిడ్ కార్డ్ పరిశోధనల నుండి నేతవారు నేర్చుకొనదగిన పాఠము

మజూరి పెంచమని అడిగినప్పుడెల్లను మన నేతవారికి వచ్చు జవాబు ఒక్కటే: "మజూరి పెంచితే గిట్టదు, మగ్గములు నిలిచిపోవును." పని వెదకుకొనుచు పైఊరి నుండి నాలుగు కుటుంబములు వచ్చినప్పుడు వినబడు మాట మరియొకటి: "వీరు వచ్చినారు, ఇక మన కూలి పడిపోవును." ఈ రెండు మాటలలో నిజమెంత? గట్టిగా వాదించినవారి మాటయే నెగ్గవలసినదేనా, లేక లెక్క చూచి తేల్చుకొను దారి యేదైనా కలదా? ఇట్టి ప్రశ్నలకే తన ఉద్యోగ జీవితమును వెచ్చించిన అర్థశాస్త్రాచార్యుడు డేవిడ్ కార్డ్. ఆయన పనితీరును మన కుటుంబములకు తెలియజేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఆయన చదువు, ఉద్యోగము

కార్డ్ 1956లో కెనడా దేశమున గ్వెల్ఫ్ అను పట్టణములో జన్మించినారు. తల్లిదండ్రులు వ్యవసాయదారులు. క్వీన్స్ విశ్వవిద్యాలయములో 1978లో పట్టము పుచ్చుకొని, అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ అను ఆచార్యుని వద్ద పరిశోధన చేసి, 1983లో డాక్టరేటు పొందినారు. షికాగోలో కొలది కాలము బోధించిన పిమ్మట ప్రిన్స్‌టన్‌లో చేరి, 1997 వరకు అక్కడనే పనిచేసినారు. ఆ యేడే కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమునకు మారినారు. అమెరికాలో నలుబది యేండ్ల లోపు అర్థశాస్త్రజ్ఞులకిచ్చు జాన్ బేట్స్ క్లార్క్ పతకము 1995లో ఆయనకు లభించినది. 2021లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమతిలో సగభాగము ఆయనకిచ్చినారు. తక్కిన సగమును జాషువా యాంగ్రిస్ట్, గీడో ఇంబెన్స్ అను ఇరువురు పంచుకొన్నారు.

రెండు మగ్గముల పోలిక

ఆయన పద్ధతి నేతవారికి సులభముగా బోధపడును. క్రొత్త రకము నూలు మంచిదో కాదో తెలియవలెననుకొందము. ఒకే నేర్పు గల ఇద్దరు నేతగాండ్రను రెండు మగ్గములపై కూర్చుండబెట్టి, ఒకరికి పాత నూలు, మరియొకరికి క్రొత్త నూలు ఇచ్చి, తక్కినవన్నియు సమానముగా ఉంచవలెను. అప్పుడు కనబడిన తేడా నూలుదేయని చెప్పవచ్చును. నూలుతోపాటు అచ్చు, రంగు, నేతగాడు కూడ మారినచో తేడా దేనివలన వచ్చినదో యెవరును చెప్పజాలరు.

కాని కూలిరేట్లతో ఇట్టి పరీక్ష చేయుట యెట్లు? సగము మందికి కూలి పెంచి, సగము మందికి పెంచక చూచెదమనిన ఒప్పుకొనువారెవరు? అయితే ఒక్కొక్కప్పుడు చట్టమో, చరిత్రలోని యొక సంఘటనయో తానుగా రెండు మగ్గములను ప్రక్కప్రక్కన నిలుపును. సరిహద్దుకు ఈవల మార్పు వచ్చును, ఆవల రాదు. దీనినే సహజ ప్రయోగమందురు. అట్టి సందర్భములను కనిపెట్టి, ఓపికతో లెక్కించుటయే కార్డ్ చేసిన పని.

కనీస కూలి పెంచినచో పని పోయినదా?

1992 ఏప్రిల్ 1వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము గంటకు కనీస కూలిని 4.25 డాలర్ల నుండి 5.05 డాలర్లకు పెంచినది. ప్రక్కనున్న పెన్సిల్వేనియాలో మాత్రము 4.25 డాలర్లే నిలిచినది. కార్డ్, ఆయన సహచరుడు ఆలన్ క్రూగర్ కలిసి రెండు రాష్ట్రములలోను బర్గరులు, కోడి వేపుడు మొదలగునవి అమ్ము 410 హోటళ్ళను ఎంచుకొన్నారు. కూలి పెరుగకమునుపు ఒకసారి, పెరిగిన తరువాత ఆ యేటి చివర మరియొకసారి పనివారి సంఖ్యను కనుగొన్నారు. మూతపడిన హోటళ్ళను కూడ లెక్కనుండి జారవిడువలేదు.

సగముపూట పనివారిని ఇద్దరిని ఒకరిగా కట్టి చూడగా, న్యూజెర్సీలో హోటలుకు సగటున 20.44 మంది ఉండినవారు 21.03 అయినారు. కూలి పెరుగని పెన్సిల్వేనియాలో 23.33 మంది ఉండినవారు 21.17కు తగ్గినారు. అనగా కూలి పెంచినచోట పని తగ్గినట్లు కనబడలేదు. తినుబండారముల ధర మాత్రము న్యూజెర్సీలో కొంత పెరిగినది. ఈ పరిశోధన 1994లో వెలువడినది.

ఇట్లేల జరిగినది? కార్డ్, క్రూగర్ చూపిన కారణములలో ఒకటి మనకు బాగుగా తెలిసినదే. ఊరిలో పని ఇచ్చు షావుకారు ఒక్కడే అయినచో, పనివాని చేతిలోని సరకు విలువకంటె తక్కువ కూలికే అతనిని నిలుపుకొనగలడు. మరియొక మనిషిని తెచ్చుకొనుటకు ఎక్కువ ఇచ్చినచో పాతవారందరికిని పెంచవలసివచ్చునని జంకి, ఒక మగ్గము ఖాళీగానైన ఉంచుకొనును. చట్టమే అందరికిని ఒక రేటు నిర్ణయించినప్పుడు ఆ జంకు పోవును, ఖాళీ మగ్గము నిండును. కాని ఆ రేటు సరకు విలువనే మించినచో పని తగ్గక మానదు. ఈ హద్దును మరువరాదు.

ఈ ఫలితమును అందరును ఒప్పుకొనలేదు. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ అనువారు హోటళ్ళ జీతపు పట్టీలు తెప్పించి చూచి, పని తగ్గినదని 2000లో వ్రాసినారు. కార్డ్, క్రూగర్ ఊరకుండక ప్రభుత్వపు ఉద్యోగ లెక్కలతో మరల సరిచూచి, పని తగ్గినట్లు కనబడలేదని అదే యేట జవాబిచ్చినారు. లెక్కకు లెక్కతోనే బదులు చెప్పిన ఈ తీరు మెచ్చదగినది.

వలస వచ్చినవారివలన కూలి పడినదా?

షోలాపూరు, భీవండి వంటి చోట్లకు వలసపోయి స్థిరపడిన మన కుటుంబములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1980లో ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు క్యూబా దేశమునుండి సుమారు 1,25,000 మంది పడవలలో అమెరికా చేరినారు. వారిలో సుమారు సగము మంది మయామీ నగరములో నిలిచిపోయినారు. నగరపు పనివారి సంఖ్య కొలది నెలలలోనే నూటికి 7 వంతులు పెరిగినది. కార్డ్ ఆ నగరమును అట్లాంటా, హ్యూస్టన్ మొదలగు నాలుగు నగరములతో పోల్చి, అంతకుముందున్న పామర పనివారి కూలి పడినట్లుగాని, నిరుద్యోగము పెరిగినట్లుగాని కనబడలేదని 1990లో ప్రకటించినారు. నేతబట్ట, కుట్టుబట్ట పరిశ్రమలు మయామీలో ఉండుటవలన క్రొత్తవారికి పని దొరకియుండునని ఆయన ఊహించినారు. జార్జ్ బోర్హాస్ అను ఆచార్యుడు 2017లో అవే సంవత్సరములను మరల పరిశీలించి, ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేయనివారి కూలి బాగుగా పడినదని వాదించినారు. ఆ వాదము నేటికిని ముగియలేదు.

తరువాతి పరిశోధనలు

కార్డ్ మరికొందరితో కలిసి జర్మనీలో చేసిన పరిశోధన 2013లో వెలువడినది. ఒకే నేర్పుగల మనిషికైనను పనిచేయు సంస్థనుబట్టి కూలి మారునని అందు తేలినది. పోర్చుగల్‌పై 2016లో వెలువడిన పరిశోధనలో, మంచి సంస్థ మగవారికి 100 ఎక్కువ ఇచ్చినచోట స్త్రీలకు 90 మాత్రమే దక్కుచున్నదని చూపినారు. క్రూగర్‌తో కలిసి 1992లో ప్రకటించిన వ్యాసములో, తరగతికి పిల్లలు తక్కువగాను, ఉపాధ్యాయుల జీతము మెరుగుగాను ఉన్న రాష్ట్రములలో చదివినవారికి చదువువలన వచ్చిన ఆదాయమెక్కువయని తేల్చినారు.

మనకు వర్తించునదేమి?

బర్గరును తినుచోటనే చేయవలెను. చీరను మరియొక ఊరిలోనైన, మరమగ్గముపైనైన నేయించవచ్చును. కాబట్టి న్యూజెర్సీ ఫలితమును తెచ్చి మన మగ్గమునకు తగిలించరాదు. ఒక ఊరి పేరుతోనే అమ్ముడుపోవు చీరకు మజూరి పెంచుట వేరు, ఎక్కడనైనను దొరకు ముతక బట్టకు పెంచుట వేరు. మనము తీసుకొనవలసినది ఆయన జవాబును కాదు, ఆయన పద్ధతిని.

అందుకై ప్రతి కుటుంబమును ఈ మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము.

1. ఒక్కొక్క పడుగుకు పట్టిన దినములను పుస్తకములో వ్రాయుడు. నేతగాని దినములేగాక, ఆసు పోసినవారివి, కండెలు చుట్టినవారివి, అచ్చు అతికినవారివి కూడ చేర్చుడు. చీర మజూరి 2,400 రూపాయలు, నేత 4 దినములు అనుకొందము. దినమునకు 600 అని సంతోషింతుము. ఇంటి స్త్రీల పని మరి 2 దినములు కలిపినచో దినమునకు 400 మాత్రమే. మరుగునపడిన ఆ 2 దినములు మన ఇల్లాండ్రవి.

2. మజూరి మారినప్పుడు, మారకముందు మూడు నెలలును, మారిన తరువాత మూడు నెలలును పని యెంత దొరకినదో వ్రాసియుంచుడు.

3. అదే రకము నేయుచు మజూరి మారని ప్రక్క ఊరి లెక్కను సంఘము ద్వారా తెప్పించి ప్రక్కన పెట్టుడు. పండుగల గిరాకి, నూలు ధర రెండు ఊళ్ళకును ఒక్కటే. మిగిలిన తేడాయే మజూరి తేడా.

"మగ్గములు నిలిచిపోవును" అనువారి మాట ఒకచోట నిజము కావచ్చును, మరియొకచోట కాకపోవచ్చును. ఏది నిజమో మన పుస్తకము చెప్పవలెను. పుస్తకము లేనివాడు ఎదుటివాని లెక్కకు తల ఊపవలసినదే. ఈ నెల ఎక్కించు పడుగుతోనే ఆ పుస్తకమును మొదలుపెట్టుడు.