రాత్రి బెల్టు: ఎదిగే పిల్లల వంకర వెన్నుకు చికిత్స



పది నుండి పదిహేనేళ్ల మధ్య పిల్లలు త్వరగా ఎత్తు పెరుగుతారు. ఆ వయసులోనే కొందరి వెన్నెముక పక్కకు వంగుతూ మెలి తిరుగుతుంది. దీనిని స్కోలియోసిస్ అంటారు. చాలామందిలో కారణం తెలియదు. బడిసంచి బరువు వలన గానీ, ఎవరి పాపం వలన గానీ ఇది రాదు. వంపు బాగా పెరగడం ఆడపిల్లల్లో ఎక్కువ.

ఎలా గుర్తించాలి?

ఒక భుజం ఎత్తుగా ఉండడం, నడుము ఒకవైపే లోపలికి పోయినట్లు కనబడడం, లంగా అంచు ఒకపక్క పైకి లేవడం దీని గుర్తులు. పిల్లను పాదాలు కలిపి, మోకాళ్లు వంచకుండా, చేతులు జోడించి ముందుకు వంగమనండి. వెనుక నుండి చూడండి. వీపు ఒకపక్క ఉబ్బెత్తుగా ఉంటే డాక్టరుకు చూపించాలి. నొప్పి లేదని ఊరుకోవద్దు. మొదట్లో సాధారణంగా నొప్పి ఉండదు.

రాత్రి బెల్టు ఏమి చేస్తుంది?

ఎక్స్‌రేలో వంపును డిగ్రీలలో కొలుస్తారు. సుమారు 25 నుండి 40 డిగ్రీలు ఉండి, ఎముకలు ఇంకా ఎదుగుతుంటే బెల్టు ఇస్తారు. ఇది మందుల షాపులో దొరికే నడుము బెల్టు కాదు. పిల్ల ఒంటి కొలతలతో గట్టి ప్లాస్టిక్‌తో చేయిస్తారు. రాత్రి బెల్టు వెన్నును వంపుకు ఎదురు దిశలో నెట్టి ఉంచుతుంది. పడుకునేటప్పుడు వేసుకొని ఉదయం తీసివేస్తారు. బడిలో ఎవరికీ తెలియదు. కొన్ని రకాల వంపులకు మాత్రం పగలు కూడా బెల్టు అవసరం. అది డాక్టరే నిర్ణయిస్తారు.

స్వీడన్‌లో జరిగి 2024లో ప్రచురితమైన పరిశోధనలో, రాత్రి బెల్టు ఇచ్చిన 45 మంది పిల్లల్లో 34 మందికి వంపు 6 డిగ్రీలకు మించి పెరగలేదు. బెల్టు లేకుండా రోజూ వ్యాయామం మాత్రమే చేసిన 45 మందిలో 24 మందికే ఆ మేలు కలిగింది. బెల్టు వెన్నును పూర్తిగా నిటారు చేయదు. వంపు పెరగకుండా ఆపి, ఆపరేషన్ అవసరాన్ని తగ్గిస్తుంది.

జాగ్రత్తలు

• లోపల ముడతలు లేని నూలు బనియను వేయాలి. నూనె, పౌడరు రాయవద్దు.
• బెల్టు తీసిన అరగంటకు కూడా ఎర్రదనం పోకపోయినా, పుండు పడినా చేసినవారికి చూపించాలి.
• మొదట్లో నిద్ర సరిగా పట్టదు. కొద్ది రోజులు ఓర్చుకోవాలి.
• నాలుగు నుండి ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించాలి. పిల్ల ఎదిగితే బెల్టు మార్చాలి.
• ఆటలు మానిపించవద్దు.

పెళ్లి సంబంధాలకు అడ్డమని వంపును దాచే కుటుంబాలు ఉన్నాయి. దాచినంత మాత్రాన వంపు ఆగదు. ఎముకల ఎదుగుదల ముగిశాక బెల్టు పనిచేయదు. 50 డిగ్రీలు దాటితే పెద్దయ్యాక కూడా పెరగవచ్చు. అప్పుడు ఆపరేషనే మార్గం కావచ్చు. రాయికోడ్ చుట్టుపక్కల గ్రామాల తల్లులారా, ఈ ఆదివారమే మీ పిల్లల వీపు ఒకసారి చూడండి. అనుమానం ఉంటే మన ఆసుపత్రికి గానీ, హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రి ఎముకల విభాగానికి గానీ తీసుకువెళ్లండి.

దేవుడు మన బిడ్డలను ఆరోగ్యముతో దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్