మెనూలోని మాట, మరుగుననుండు గుర్తు

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుటకు ఇంగ్లీషు తప్పనిసరి యని తల్లిదండ్రులలో పెక్కురు తలంతురు. ఈ భారమును తగ్గించుటకు చిత్రరూప సాధనములు వెలసినవి. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ 2007లో స్క్రాచ్‌ను, గూగుల్ సంస్థ 2012లో బ్లాక్‌లీని లోకమున కందించినవి. వీనిలో ఆజ్ఞలు రంగురంగుల బ్లాకులుగా నుండును. పిల్లలు వానిని ఒకదానితో నొకటి జతపరతురు. కొన్ని బ్లాకులలో డ్రాప్‌డౌన్ మెనూ యుండును. దానిని నొక్కినచో కొన్ని మాటలు వరుసగా క్రిందికి దిగును, అందొకటి యెన్నుకొనవలెను.

ఈ మాటలను తెనిగించుట సులభముగా తోచును. కాని మెనూను రచించువారు మూడు సంగతులను మొదటనే గమనింపవలెను.

మొదటిది గుర్తు. బ్లాక్‌లీ మెనూలో ప్రతి యంశమునకు రెండు భాగములు గలవు: కంటికి కనబడు మాట యొకటి, భాష మారినను మారని లోపలి గుర్తు మరియొకటి. భద్రపరుపబడునది గుర్తే. మన బీదరులో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ పిల్లలు కలసి మెలసి యాడుకొందురు. తెలుగు బాలుడు 'కుడి' అని యెన్నుకొని దాచిన పనిని కన్నడ మెనూ గల చెలికాడు తెరచినచో, అచట 'బల' అని కనబడును, పని చెడదు. మాటనే గుర్తుగా నుంచినచో భాష మార్చినంతనే పని నిలిచిపోవును.

రెండవది విభక్తి. 'కుడికి తిరుగుము', 'ఎడమకు తిరుగుము' అని మన మందుము. మెనూలో 'కుడి', 'ఎడమ' అని మాత్రముంచి, వెలుపల 'కి' చేర్చినచో రెండవది శిష్టరూపము కాదు. కావున 'కుడికి', 'ఎడమకు' అను పూర్తిరూపములే మెనూలో నుండవలెను.

మూడవది వాక్యక్రమము. ఇంగ్లీషున 'రిపీట్ అన్‌టిల్' అనునది ముందు వచ్చి, నియమము వెనుక వచ్చును. తెలుగున నియమము ముందు నడచి, 'అగువరకు మరల చేయుము' అనునది వెనుక నిలుచును. అందుచే అనువాదకునకు తునుకలు గాక, ఖాళీలకు సంఖ్యలు వేసిన పూర్తివాక్యము నీయవలెను. అప్పుడాతడు ఖాళీలను ముందువెనుకలు చేయగలడు.

1956లో బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది. అల్పసంఖ్యాక భాషల బాలురకు ప్రాథమిక విద్య మాతృభాషలో నందింప యత్నింపవలెనను 350ఎ అధికరణము రాజ్యాంగమున చేరినదియు ఆ యేటనే. ఆ యాశయము నేడు కంప్యూటరు తెరకును వర్తింపవలెనని మా యభిప్రాయము. బ్లాక్‌లీ మాటలను ట్రాన్స్‌లేట్‌వికీలో స్వచ్ఛందసేవకులే అనువదించుచున్నారు. అందుకు ప్రోగ్రాములు వ్రాయుట తెలియనక్కరలేదు, మంచి తెలుగు తెలిసిన చాలును. తల్లిదండ్రులారా! మీ బిడ్డల చెంత కూర్చుండి, మెనూలోని ప్రతి మాటను బ్లాకుతో కలిపి పైకి చదువుడు. నోరు తడబడినచోట దిద్దుబాటు కావలెనని యెరుంగుడు.