నిలవ నీరు, మధ్యధరా సముద్రం

దివ్యఖుర్ఆన్ ముప్పయ్యవ సూరా 'రూమ్' 41వ ఆయతులో అల్లాహ్ ఒక విషయం తెలియజేశాడు. మానవులు తమ చేతులారా సంపాదించుకున్న దాని మూలంగా నేల మీదా, సముద్రంలోనూ కల్లోలం ప్రబలిందనీ, వారు మరలి రావాలని వారి చేష్టల రుచిని కొంత వారికి చూపించటం జరుగుతుందనీ దాని భావం. నేల మీది కల్లోలం అందరికీ తెలిసినదే. మరి సముద్రంలో కల్లోలమేమిటి? ఈ ప్రశ్న పూర్వ వ్యాఖ్యాతలకు కూడా వచ్చింది. ఇక్కడ సముద్రమంటే నీటి ఒడ్డున ఉన్న పట్టణాలూ, పల్లెలూ అని కొందరు వివరించారు. మరికొందరు అది మనకు తెలిసిన సముద్రమే అన్నారు. మన కాలంలో ఈ రెండో అర్థం గ్రహించటానికి పెద్ద శ్రమ అక్కర్లేదు.

అరబ్బులు ఒకప్పుడు 'బహ్రె రూమ్' అని పిలిచిన మధ్యధరా సముద్రాన్నే చూడండి. హిజ్రీ 28లో హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో హజ్రత్ ముఆవియా (రజి) నౌకలు సైప్రస్ ద్వీపానికి బయలుదేరింది ఈ సముద్రం మీదనే. హజ్రత్ ఉమ్మె హరాం (రజి) ఆ ప్రయాణంలోనే మరణించారు. ఆమె సమాధిగా చెప్పే స్థలం నేటికీ లార్నకా పట్టణం దగ్గర ఉంది. మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు, సిరియా, లెబనాన్, టర్కీ తీరాలన్నీ ఈ నీటినే తాకుతాయి. కనుక ఇది ఎవరో పరాయివారి సముద్రం కాదు.

ఈ సముద్రం దాదాపు నాలుగువైపులా నేలతో మూసుకొని ఉంది. మహాసముద్రంలోకి దానికున్న సహజమైన ద్వారం జిబ్రాల్టర్ జలసంధి ఒక్కటే. అది అత్యంత ఇరుకైన చోట సుమారు 14 కిలోమీటర్లే. ఇక్కడ ఎండకు ఆవిరయ్యే నీరు ఎక్కువ, నదులూ వానలూ తెచ్చేది తక్కువ. ఆ లోటు తీర్చటానికి అట్లాంటిక్ నీరు పైపొరగా లోపలికి వస్తుంది. ఉప్పు పెరిగి బరువెక్కిన నీరు అడుగు నుంచి బయటికి పోతుంది. అంటే తేలే చెత్త లోపలికి రావటానికి దారి ఉంది, బయటికి పోవటానికి దాదాపు లేదు. పైగా ఈ సముద్రపు నీరంతా మారటానికి సుమారు నూరేళ్లు పడుతుందని శాస్త్రవేత్తల అంచనా. ఈరోజు పడేసింది మునిమనవళ్ల దాకా అక్కడే ఉంటుందన్నమాట.

ప్లాస్టిక్ కుళ్లి మట్టిలో కలిసిపోదు. ఎండకు పెళుసెక్కి, అలల తాకిడికి విరిగి, ముక్కలు ముక్కలై నలుసులవుతుంది. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న నలుసుల్ని 'మైక్రోప్లాస్టిక్' అంటున్నారు. 2004లో బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ థాంప్సన్ బృందం రాసిన వ్యాసంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. బండి టైర్ల అరుగుదల నుంచీ, నైలాన్, పాలిస్టర్ బట్టల నుంచీ కూడా ఇవి రాలుతాయి. ఇటలీకి పడమరనున్న టిర్రేనియన్ సముద్రపు అడుగున, ఒక పలుచని పొరలో, చదరపు మీటరుకు 19 లక్షల నలుసుల వరకు ఉన్నట్టు 2020లో వెల్లడైంది. పైన నీలంగా, నిర్మలంగా కనిపించే నీటి అడుగున ఉన్న సంగతి ఇది.

ఇక ధర్మం మాటకు వద్దాం. పారకుండా నిలిచి ఉన్న నీటిలో మూత్ర విసర్జన చేసి, మళ్లీ అందులోనే స్నానం చేయటాన్ని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). నీటి రేవుల్లో, దారిలో, నీడలో మలవిసర్జన చేయటం శాపాన్ని కొనితెచ్చుకోవటమని హెచ్చరించారు (అబూదావూద్). వీటిని ఆధారం చేసుకొని సముద్రంలో ప్లాస్టిక్ పడేయటానికి అదే హుకుం అని తొందరపడి చెప్పటం సరికాదు. సముద్రం ఫిఖహ్ పరిభాషలో కొద్ది నీరు కాదు, ప్లాస్టిక్ అశుద్ధమూ (నజాసత్) కాదు. అయితే నలుగురూ వాడుకునే నీటిని పాడుచేసి తోటివారికి బాధ కలిగించకూడదన్న భావం అందులో ఉంది. దానికి తోడు, ఎవరికీ నష్టం కలిగించరాదు, నష్టానికి ప్రతిగానూ నష్టం చేయరాదు అన్న హదీసు (ఇబ్నె మాజా) ఫిఖహ్‌లో ఒక మూలసూత్రమే అయింది. నా అభిప్రాయంలో ఈ సమస్యకు బలమైన ఆధారం ఇదే.

బుఖారీలో హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ ఉపమానం పాఠకులకు తెలిసే ఉంటుంది. కింది అంతస్తువారు నీళ్ల కోసం పైకెక్కి పైవారిని ఇబ్బంది పెట్టటం ఎందుకని, తమ వాటాలోనే రంధ్రం చేసుకుందామనుకుంటారు. వారి ఉద్దేశం చెడ్డది కాదు, చోటు కూడా వారిదే. అయినా వారిని ఆపకపోతే మునిగేది అందరూ. ఈజిప్టు చెత్త గ్రీసు ఒడ్డుకు చేరదనీ, ఇటలీ చెత్త ట్యునీషియా చేపలోకి రాదనీ ఎవరనగలరు?

ఇక్కడ ఒక చేదు మాట చెప్పుకోవాలి. ఈ సముద్రంలోకి ఏటా సుమారు 2 లక్షల 29 వేల టన్నుల ప్లాస్టిక్ చేరుతోందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2020లో లెక్కకట్టింది. మొదటి స్థానం ఈజిప్టుది, తర్వాత ఇటలీ, ఆపైన టర్కీ. 'శుభ్రత ఈమాన్‌లో భాగం' అని పిల్లలకు కంఠస్థం చేయించే సమాజాలు ఈ జాబితాలో ముందుండటం సిగ్గుపడవలసిన విషయం. అలాగని దోషమంతా వారిదే అనటం కూడా న్యాయం కాదు. 2018లో చైనా విదేశీ ప్లాస్టిక్ చెత్తను తీసుకోవటం మానేశాక ఐరోపా దేశాలు తమ చెత్తను పెద్దఎత్తున టర్కీకి పంపాయి. మళ్లీ వాడకానికి మార్చవలసిన ఆ సరుకును అదానా ప్రాంతంలో రోడ్ల పక్కనా, కాలువల ఒడ్డునా కుమ్మరించి కాల్చిన వైనం 2021లో బయటపడింది. సొమ్ము పుచ్చుకొని అప్పగించిన పని చేయకపోవటం అమానతులో ద్రోహమే, అది చెత్త విషయంలోనైనా సరే. మరోవైపు మొరాకో 2016 జూలై నుంచి ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం చేసుకోవటానికి 2025 ఆగస్టులో జెనీవాలో కూర్చున్నాయి, కానీ ఏకాభిప్రాయం లేకుండానే లేచాయి.

ఇలాంటి నీటితో వుజూ చెల్లుతుందా అని కొందరికి సందేహం రావచ్చు. చెల్లుతుంది. సముద్రపు నీరు పరిశుద్ధమైనదని దైవప్రవక్త (స) స్వయంగా చెప్పారు (తిర్మిజీ). కంటికి కనిపించని నలుసుల వల్ల ఆ హుకుం మారదు. ఆ నీటి చేప కూడా హలాలే. ఇక ఆరోగ్యం సంగతి వేరు. ఇటలీ వైద్యులు 2024లో ప్రచురించిన పరిశోధనలో, మెడ రక్తనాళాల్లోని కొవ్వులో ప్లాస్టిక్ నలుసులున్న రోగులకు గుండెపోటు, పక్షవాతం, మరణం ఎక్కువగా సంభవించినట్టు తేలింది. నలుసులే కారణమని దీనితో రుజువు కాలేదని కూడా వారే చెప్పారు. కనుక ఏమీ కాదని కొట్టిపారేయటమూ తగదు, భయంతో హలాల్‌ను హరామ్ చేసుకోవటమూ తగదు.

మన ఇళ్ల విషయానికొస్తే, 6 కిలోల యాక్రిలిక్ బట్టలు ఒకసారి మిషన్లో ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు నీటిలోకి పోవచ్చని 2016లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు లెక్కించారు. బురఖాలు, దుపట్టాలు, పిల్లల స్వెట్టర్లు చాలావరకు ఇలాంటి కృత్రిమ నూలువే. వాటిని తొడగటం తప్పేమీ కాదు. మాసినప్పుడే ఉతకటం, మిషన్ నిండా వేసి చల్లని నీటితో ఉతకటం వల్ల రాలే పోగులు తగ్గుతాయి. రమజానులో ఇఫ్తార్ అయ్యాక మస్జిద్ వాకిట్లో పడి ఉండే పల్చటి గ్లాసుల బదులు కమిటీవారు వంద స్టీలు గ్లాసులు కొంటే, వాటిని కడిగే పనికి పిల్లలు పోటీపడతారు.